చీటిగుడ్డ మీద పువ్వు ఎవరిది?

యూరప్ బట్టల మీది పూల చరిత్ర రాసిన పుస్తకాలు తిరగేస్తే పేర్లకేం కరువుండదు. లియోన్ పట్టు మీద పూలగుత్తులు పరిచిన ఫిలిప్ ద లసాల్ పేరుంటుంది. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతకు వందల కొద్దీ పూలు గీసిచ్చిన అన్నా మరియా గార్త్‌వెయిట్ పేరుంటుంది. పారిస్ దగ్గర జూయీలో అద్దకం ఫ్యాక్టరీ పెట్టిన ఓబెర్‌కాంఫ్ పేరుంటుంది. అందరికంటే పెద్దక్షరాల్లో విలియం మోరిస్ పేరుంటుంది. అవే పూలు నీళ్ళలో పడ్డా రంగు దిగకుండా నిలబెట్టిన వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేర్లుండవు. 'స్థానిక పనివాళ్ళు' అని ఒక ముక్క రాసి పేజీ తిప్పేస్తారు. ఈ తేడా అనుకోకుండా వచ్చిందని మేం అనుకోవడం లేదు.

దళితుల చరిత్ర చదివే పత్రికలో యూరప్ పూలగుడ్డల గొడవ ఎందుకని మిత్రులు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఆ పూలలో మంచి భాగం మన కోస్తా రేవుల నుంచి ఓడలెక్కి పోయినవి. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ పూలను మెచ్చుకున్న పెద్దమనుషులు కొందరు, వాటి అందానికి కారణం వెతుకుతూ వెళ్ళి చివరికి మనుధర్మం గుమ్మం ముందు దండం పెట్టారు. కళావిమర్శ అక్కడిదాకా ఎట్లా నడిచిందో చూడాలి.

ముందు పట్టు సంగతి చెప్పుకుని ముందుకు పోదాం. 15వ శతాబ్దపు ఇటలీ మఖమల్ మీద దానిమ్మ నమూనా చాలా పేరున్నది. బంగారు జరీతో నేసిన ఆ బట్ట రాజులకూ, చర్చి పెద్దలకూ, డబ్బున్న వర్తకులకూ. ఎవరు ఏ బట్ట కట్టొచ్చో, ఎవరు కట్టకూడదో చెప్పే చట్టాలు ఆ నగరాల్లో ఉండేవి. 18వ శతాబ్దానికి లియోన్, స్పిటల్‌ఫీల్డ్స్ పట్టుల మీద పువ్వు అచ్చం తోటలో పువ్వులా తయారైంది. దాన్ని నెయ్యాలంటే మగ్గం మీద నేసేవాడొక్కడు చాలడు. పడుగు పోగుల్ని లేపే తాళ్ళు లాగడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. లియోన్‌లో ఈ పని ఎక్కువగా ఆడపిల్లలు చేశారు. గార్త్‌వెయిట్ గీసిన డిజైన్లు 800కు పైగా లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని కొన్న నేత యజమానుల పేర్లు ఆమె చాలా వాటి మీద రాసిపెట్టింది కూడా. ఆ యజమాని ఇంట్లో కూలికి నేసినవాడి పేరు, తాడు లాగిన పిల్ల పేరు ఆ కాగితం మీదికి ఎక్కలేదు. 1831లోనూ 1834లోనూ లియోన్ నేతగాళ్ళు తిరగబడి వీధుల్లోకి వచ్చారు. పూలగుడ్డల పుస్తకాల్లో ఆ సంగతి వెతుక్కోవాల్సి వస్తుంది.

అసలు కథ నూలుగుడ్డది. 17వ శతాబ్దం మొదట్లోనే ఇంగ్లీషు వాళ్ళు, డచ్చి వాళ్ళు మచిలీపట్నంలోనూ పెద్దపల్లిలోనూ (ఇప్పటి నిజాంపట్నం) దిగారు. 1611లో పీటర్ ఫ్లోరిస్ వచ్చిన 'గ్లోబ్' ఓడ ఈ రెండు రేవుల్లోనే సరుకు చూసుకుంది. చీటిగుడ్డలు ముందు తూర్పు దీవులకు పోయేవి. అక్కడ వాటినిచ్చి మిరియాలు, లవంగాలు కొనేవాళ్ళు. తర్వాత యూరప్‌లో మంచం తెరలకూ గోడలకూ, ఆ తర్వాత ఒంటి మీదికీ వచ్చాయి. ఇంగ్లీషులో చింట్జ్, డచ్చిలో సిట్స్, ఫ్రెంచిలో ఆందియెన్.

వీటి మీద బాగా కనిపించేది పూలచెట్టు. అడుగున రాళ్ళగుట్ట, దాన్నుంచి వంకర్లు తిరుగుతూ లేచిన మాను, దానికి నానా జాతుల పూలు. ఒకే కొమ్మకు గులాబీ, పక్కనే తామర లాంటిది, ఆ పక్కన ఈ నేల మీద మొలవని పువ్వేదో. ఈ చెట్టు ఎక్కడిది? పర్షియాదనీ, చైనాదనీ, ఇంగ్లీషు ఊలు కుట్టుపనిలోదనీ పండితులు చాలాకాలం తగువులాడారు. జాన్ ఇర్విన్, కాథరీన్ బ్రెట్ 1970లో అచ్చేసిన పుస్తకం ఇది అన్నీ కలిసిన చెట్టని తేల్చింది. కంపెనీ కాగితాల్లో దానికి సాక్ష్యముంది. 1643లో లండన్ నుంచి సూరత్‌కు వచ్చిన ఉత్తరంలో ఎర్రనేల తగ్గించి తెల్లనేల పెంచమనీ, పువ్వూ కొమ్మా నడిమధ్యన రంగుల్లో వెయ్యమనీ అడిగారు. ఆ తర్వాత లండన్ నుంచి నమూనాలే పంపి, వీటిని చూసి వెయ్యండన్నారు. అంటే యూరప్ వాళ్ళు 'ఇండియా పువ్వు' అని మురిసిపోయిన దాన్లో వాళ్ళ ఆర్డరు కూడా ఉంది.

ఇక్కడిదాకా మాకు పేచీ లేదు. ఈ వాదన ఆగిన చోటే మా అభ్యంతరం. నమూనా ఎక్కడిదో తేలితే పువ్వు ఎవరిదో తేలిపోయినట్టే రాశారు. నమూనా కాగితానికి సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్దితే గుడ్డ మీదికి దిగేది గీతలు మాత్రమే. రేకు లోపలంతా ఖాళీ. ఆ ఖాళీలో ఏముందో ఒకసారి దగ్గరగా చూడండి. సన్న చుక్కలు, రంపపు పళ్ళలాంటి అంచులు, చేప పొలుసుల్లాంటి వరసలు, మైనంతో కాపాడిన వెంట్రుకంత తెల్లగీతలు. తోటలో ఏ పువ్వుకీ ఇవి ఉండవు. లండన్ వాడి నమూనాకు ఇంత పని అక్కర్లేదు. ఇవన్నీ కలం పట్టిన మనిషి నిర్ణయాలని మేం చదువుతున్నాం. ఎన్నడూ చూడని పువ్వును వెయ్యమన్నప్పుడు, తనకు తెలిసిన చేతిపనితో దాని కడుపు నింపాడు. దీన్ని 'తూర్పుదేశాల వింత ఊహ' అని రాయడం ఆ మనిషిని రెండోసారి చెరిపెయ్యడమే.

రంగు సంగతికొద్దాం. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప మొదట తొక్కింది మేమే. సౌందర్యశాస్త్రం అనే మాట అక్కడే విన్నాం. కానీ గుడ్డను విమర్శించడం అంతకు ముందే మా అమ్మల దగ్గర చూశాం. కొట్లో పూలచీర తీస్తే వాళ్ళు ముందు పువ్వు చూడరు. వేలు తడి చేసి అంచు మీద రుద్దుతారు. వేలికి రంగంటితే ఆ పువ్వు ఎంత అందంగా ఉన్నా పక్కకు నెట్టేస్తారు. ఏడాదికి రెండు గుడ్డలు కొనుక్కునే వాళ్ళకు అందమంటే ముందు నిలిచేది. 17వ శతాబ్దపు యూరప్ ఆడవాళ్ళు చీటిగుడ్డ మీద పడింది కూడా దీనికే. అప్పటిదాకా వాళ్ళకు దొరికే అచ్చుగుడ్డల మీద రంగు పైపూత. ఉతికితే పోయేది. మచిలీపట్నం పువ్వు ఉతికే కొద్దీ తేటపడేది.

ఎట్లా? పువ్వు మీద ఎరుపు వెయ్యడానికి ఎర్రరంగు పూయరు. గుడ్డను ముందు పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండేసి తెల్లబరుస్తారు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలో కొవ్వుంటుంది గనక కలంతో వేసింది పక్కకు పాకదు. ఎరుపు రావాల్సిన చోట పటికనీళ్ళు వేస్తారు. నలుపు రావాల్సిన చోట ఇనప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు వేస్తారు. అప్పుడు చిరివేరుతో కాగే బానలో గుడ్డంతా వేసి ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటిన మరక మళ్ళీ పేడనీళ్ళకు, ఎండకు, చాకిరేవు దెబ్బలకు పోవాలి. నీలిమందు కోసం నీలం రావాల్సిన చోటు తప్ప తక్కిన గుడ్డంతా మైనం పుయ్యాలి. బానలో ముంచి తీసి, ఆ మైనం కరిగించాలి, మళ్ళీ ఉతకాలి. ఇంత పనిలో కలం పట్టేది కొంతసేపే. మిగతాదంతా వేరు తవ్వడం, కట్టెలు కొట్టడం, బానలు కాయడం, ఉతకడం, తడపడం, ఎండెయ్యడం. పువ్వులో ఎక్కువ భాగం రేవులోనే పుట్టింది. తెల్లనేల కావాలని లండన్ వాడు రాసిన ఉత్తరం అర్థం చేసుకోవాలన్నా రేవు దగ్గరికే పోవాలి. తెలుపు అనే రంగు కలంతో రాదు, ఉతికిన చేతులతో వస్తుంది.

డచ్చి కంపెనీ ఉద్యోగి డానియల్ హవర్ట్ 1693లో కోరమాండల్ మీద ఒక పుస్తకం అచ్చేశాడు. పాలకొల్లు అద్దకం పనివాళ్ళను అందులో నత్తలతో పోల్చాడు. కదులుతున్నట్టే కనిపించరంటాడు. ఓర్పు బొమ్మ గీయాలనుకున్న వాడికి పాలకొల్లు పనివాడొకడు చాలునన్నాడు. చింట్జ్ మీద రాసేవాళ్ళు ఈ పోలికను ముచ్చటపడి ఎత్తి రాస్తుంటారు. మాకది ముచ్చటగా లేదు. ఓర్పు అనేది పని చేసేవాడి గుణంగా చెప్పేది ఎప్పుడూ పని చేయించుకునేవాడే. పటిక ఆరాలి, ఎండ రావాలి, బాన కాగాలి. తొందరపడితే రంగు నిలవదు. హవర్ట్ ఓర్పు అనుకున్నది ఒక శాస్త్రం.

ఈ శాస్త్రం తమ దగ్గర లేకపోవడంతో యూరప్‌లో పెద్ద రగడే జరిగింది. 1686లో ఫ్రాన్స్ అద్దకం గుడ్డల దిగుమతినీ తయారీనీ కూడా నిషేధించింది. 1759 దాకా అది పోలేదు. ఇంగ్లండ్ 1700లో చట్టం తెచ్చి దిగుమతిని ఆపింది, 1721లో ఇంకో చట్టంతో కట్టుకోవడాన్నే ఆపింది. మధ్యలో 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు రోడ్ల మీద పూలగౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపారు, సిరా చల్లారు. కడుపు మండిన పనివాడి కోపం కంపెనీ గుమ్మం దాకా పోకుండా ఆడదాని ఒంటి మీద దిగింది. ఇది మనమెరగని సంగతేం కాదు. అంతకు ముందే 1708లో డానియల్ డెఫో ఇంకో బాధ వెళ్ళబోసుకున్నాడు. కొన్నేళ్ళ కింద పనిమనుషులు కూడా నామోషీ అనుకునే గుడ్డ ఇప్పుడు దొరసానుల ఒంటికెక్కిందట. నేల మీద పరిచేది పావడా అయిందట. ఎవరు దొరసానో, ఎవరు పనిమనిషో గుడ్డను బట్టి తెలియాలన్న తాపత్రయం ఒక్క కులసమాజానిదే కాదు. కాకపోతే వాళ్ళ దగ్గర అది 1774లో చట్టంతో పాటు పోయింది. మన దగ్గర చొక్కా తొడిగినందుకు, చెప్పులేసుకున్నందుకు కొట్టిన ఊళ్ళు ఆ తర్వాత కూడా చాలానే ఉన్నాయి.

శాస్త్రం ఎట్లా చేతులు మారిందో చూడండి. 1734లో బొల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో కూర్చుని ఒక గుడ్డను దగ్గరుండి వేయించాడు. పని ఒక్కో అడుగు నడిచినప్పుడల్లా ఒక ముక్క కత్తిరించి దాచాడు. మొత్తం 11 ముక్కలు. అవి పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి చేరాయి. 1742లో కూర్డూ అనే జెసూట్ పాదిరి మొత్తం పద్ధతిని ఉత్తరంగా రాశాడు. మరుసటేడే అది అచ్చయింది. ఈ కూర్డూ తెలుగు బాగా నేర్చినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. తనకీ రహస్యం ఎట్లా తెలిసిందో అతనే చెప్పుకున్నాడు. కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్న పనివాళ్ళను విడివిడిగా, మళ్ళీ మళ్ళీ అడిగి, జవాబులు సరిచూసుకున్నాడు. క్రైస్తవంలోకి ఎందుకొచ్చారో, వచ్చాక ఊళ్ళో వాళ్ళ బతుకేమైందో ఆ ఉత్తరంలో లేదు. పటిక ఎన్ని పాళ్ళో ఉంది.

ఒక్క పేడ సంగతి చెప్పి ముందుకు పోతాం. యూరప్ అద్దకం ఫ్యాక్టరీల్లో కూడా పటిక అచ్చేసిన గుడ్డను ఆవుపేడ నీళ్ళ తొట్టిలో ముంచేవాళ్ళు. 19వ శతాబ్దపు రసాయనశాస్త్ర పుస్తకాల్లో దానికొక అధ్యాయముండేది. పేడ బదులు ఫాస్ఫేట్లు, సిలికేట్లు వాడటం కనిపెట్టి పేటెంట్లు పుచ్చుకున్నారు. అదే పేడ, అదే తొట్టి. అక్కడ చెయ్యి పెట్టినవాడు కెమిస్టు. ఇక్కడ చెయ్యి పెట్టినవాడు అంటు, మైల.

జూయీ ఫ్యాక్టరీ 1760లో మొదలైంది, 1843లో మూతపడింది. గొర్రెలు, కాపరులు, శిథిలాలు ఉన్న ఒకే రంగు బొమ్మలగుడ్డతో దాని పేరు నిలిచింది గానీ, అక్కడ వేల కొద్దీ డిజైన్లలో ఎక్కువ భాగం కొయ్య అచ్చులతో వేసిన చిన్నపూలే. అచ్చుతో కుదరని నీలాన్ని ఆడవాళ్ళు కుంచెతో రేకు రేకుకూ దిద్దేవాళ్ళు. అచ్చు వేసేవాడి పక్కన రంగుపళ్ళెం సర్దడానికి పిల్లలుండేవాళ్ళు. 1783లో అక్కడ కుదిరిన చిత్రకారుడు హ్యూయే ఫ్యాక్టరీ పనుల్నే ఒక గుడ్డ మీద బొమ్మలుగా వేశాడు. బియెవ్ర్ ఏట్లో ఉతకడం, బాదడం, పచ్చికలో ఆరెయ్యడం అన్నీ అందులో ఉన్నాయి. ఉతికేవాళ్ళకు గుడ్డ మీద చోటివ్వడం మెచ్చుకోవాల్సిందే. కాకపోతే వాళ్ళు కూడా కాపరుల మాదిరే, తోటలో షికారుకొచ్చినట్టుంటారు. ఒక్కరికీ నడుం నొప్పి కనిపించదు.

ఇంకోవైపు నాంత్ రేవు. నిషేధం ఎత్తేశాక అక్కడ పూలగుడ్డ అచ్చేసే ఫ్యాక్టరీలు లేచాయి. వాటి సరుకులో కొంత నేరుగా బానిసల వ్యాపారానికే. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికిచ్చే సరుకులో గుడ్డలది పెద్ద వాటా. మన తీరం గుడ్డలు అందులో ముందు నుంచీ ఉన్నాయి. అట్లా కొన్న మనుషులే సెయింట్ డొమింగ్‌లో నీలిమందు తోటల్లో, తర్వాత అమెరికాలో పత్తి చేలల్లో చచ్చేట్టు పని చేశారు. ఆ నీలం, ఆ పత్తి మళ్ళీ వచ్చి యూరప్ గుడ్డ మీద పువ్వయ్యాయి. 1783లో థామస్ బెల్ రోలర్ అచ్చుకు పేటెంటు తీసుకున్నాక లాంకషైర్ పువ్వు గజాల లెక్కన కాక మైళ్ళ లెక్కన బయటికొచ్చింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ 18 సంపుటాల్లో మన గుడ్డముక్కలు 700 అంటించాడు. 20 సెట్లలో 13 బ్రిటన్ మిల్లు ఊళ్ళకు కేటాయించారు. మన జనం ఏ పువ్వు కడతారో చూసుకుని మిల్లులో నెయ్యడానికి.

మిల్లు పువ్వు మీద అసహ్యంతోనే విలియం మోరిస్ బయల్దేరాడు. పని చేసేవాడికి పనిలో సంతోషం లేకపోతే పువ్వులో ప్రాణముండదన్నాడు. పాత నీలిమందు పద్ధతిని మళ్ళీ నేర్చుకుని 1883లో 'స్ట్రాబెరీ దొంగ' అచ్చేశాడు. పూల మధ్య పండు ఎత్తుకుపోయే పిట్టలు. ఆ ఏడే సోషలిస్టు రాజకీయాల్లోకి దిగాడు. తన గుడ్డ డబ్బున్నవాళ్ళే కొనగలరని తెలిసి బాధపడ్డాడు కూడా. ఆ మనిషి మీద మాకు గౌరవముంది. చెయ్యి గురించి మాట్లాడిన మొదటి డిజైనర్లలో ఒకడు. కానీ ఆ బాటలో నడిచినవాళ్ళు మన దేశం వైపు తిరిగినప్పుడు ఏం చేశారు?

1880లో జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో గ్రామాన్ని సంప్రదాయ కళలకు కోట అన్నాడు. ఊరు దాటి బయటికొచ్చిన కళలను విదేశీ ఫ్యాషన్ల మాలిన్యం నుంచి బాగా కాపాడింది మనుస్మృతి కులవ్యవస్థేనని కితాబిచ్చాడు. 1909లో ఆనంద కుమారస్వామి 'ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్' రాశాడు. మోరిస్ ప్రెస్సులో వాడిన అచ్చుయంత్రం మీదే అంతకు ముందేడు తన సింహళ కళల పుస్తకం అచ్చేయించుకున్నవాడాయన. కులమంటే ఆయనకు పనివాడికి భద్రతనిచ్చే సంఘం. తండ్రి పని కొడుకు చెయ్యడం స్వధర్మం. మిల్లు కూలి బతుకు చూసి మోరిస్‌కు వచ్చిన కోపం ఇక్కడికొచ్చేసరికి కులానికి హారతి అయింది.

ఈ వాదనకు జవాబు అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. కులం పని పంపకం కాదు, పని చేసే మనుషుల్ని మెట్ల మీద పంచడం అన్నాడు. అంతకు ముందు 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. మేం దానికి చేర్చదల్చుకున్న సాక్ష్యం ఈ చీటిగుడ్డే. బర్డ్‌వుడ్ మాట నిజమైతే మచిలీపట్నం పువ్వు పుట్టనే కూడదు. పర్షియా తీగ, చైనా రాళ్ళగుట్ట, ఇంగ్లండ్ కొమ్మ, లండన్ అడిగిన తెల్లనేల, అన్నీ కలిసిన కల్తీ పువ్వది. కొత్త నమూనా వస్తే నేర్చుకుని, మార్చుకుని, దాని కడుపు తన గీతతో నింపిన మనిషిది. దాన్ని కాపాడింది మనువు కాదు. మనువు చేసిందల్లా రంగు పట్టించిన చేతినీ, ఉతికిన చేతినీ, వేరు తవ్విన చేతినీ ఒకదాని పక్కన ఒకటి కూర్చోనివ్వకపోవడం.

ఈ పనులన్నీ దళితులవేనని మేం అనడం లేదు. దేవాంగులు, సాలెవాళ్ళు నేసిన సన్నగుడ్డ వేరు, మాలలు నేసిన ముతకగుడ్డ వేరు. కలం పట్టినవాళ్ళు వేరు, చాకళ్ళు వేరు. ఒకే గుడ్డ మీద పని చేసినా ఒకరింట ఒకరు తినేవాళ్ళు కాదు. అందుకే 'చేతివృత్తుల వైభవం' అని గంపగుత్తగా పాడే పాటలో మేం గొంతు కలపలేం. ఏ చేతికి ఎంత కూలి, ఎంత మర్యాద అని విడివిడిగా అడగాలి. మ్యూజియం పలక మీద డిజైనర్ పేరు పక్కన ఖాళీ వదిలిపెట్టమని అడగాలి.

చిరివేరు గురించి చివరగా ఒక మాట. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో ఉన్న మెత్‌వోల్డ్ పెద్దపల్లి వేరుకు సాటి లేదని రాశాడు. 1795లో రాక్స్‌బరో తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో దాని బొమ్మ వేయించి, లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరూ ఇచ్చాడు. ఆ బొమ్మలు గీసింది ఈ దేశపు చిత్రకారులే, వాళ్ళ పేర్లు అందులో లేవు. 1868లో జర్మనీలో ఇద్దరు కెమిస్టులు అదే ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. కొన్నేళ్ళలో అది డబ్బాల్లో మన బజార్లకు వచ్చింది. ఇసకనేలల్లో ఒంగి ఆ సన్నవేళ్ళు తవ్విన ఆడా మగా తర్వాత ఏ పనికి పోయారో, మేం చదివిన పూలగుడ్డల పుస్తకాలేవీ అడగలేదు.